పెళ్లిళ్ల పేరయ్య అమ్మిన పాత కంప్యూటర్

1. ఆత్మకూరులో పెళ్లి సంబంధాలు కుదిర్చే సుబ్బరామయ్య గారి దగ్గర ఈ ఉదయం పాత కంప్యూటర్ కొని, ఉదయగిరిలోని మా ఇంటికి తెచ్చాను.

2. అందులో ఒక్క ఫైలూ కనిపించలేదు. అయినా నా అలవాటు ప్రకారం, తొలగించిన ఫైళ్లను వెలికితీసే సాఫ్ట్‌వేర్‌ను నడిపాను.

3. ఆడపిల్లల ఫోటోలు, ఫోన్ నంబర్లు, ఇంటి చిరునామాలు వరుసగా పైకి వచ్చాయి. కొన్ని ఫోటోలకు ఆయన పెట్టుకున్న పేర్లు “నలుపు”, “పొట్టి”.

వెంటనే తెర ఆపి ఆయనకు ఫోన్ చేశాను.

“అన్నీ డిలీట్ కొట్టినాను గదా నరసయ్యా! ఆ రీసైకిల్ బిన్ గూడా ఖాళీ చేసినా. ఇంకేంది నీ బాధ?”

డిలీట్ చేసినా, దానిపై వేరే సమాచారం చేరేదాకా ఫైలు డిస్కులోనే ఉంటుందని వివరించాను.

“ఆ పిలకాయలకు పెళ్లిళ్లయిపోయినాయిలే. ఇప్పుడెవురు చూస్తే ఏంది? ఇంకో కంప్యూటర్ని దుత్తలూరు నెట్ సెంటరుకిచ్చినా. వాళ్లు నీ మాదిరి సతాయించలా.”

ఫోన్ పెట్టేశాను. పెళ్లయిన అమ్మాయి ఫోటోను ఎవరైనా చూడవచ్చా?

నా డిస్కులోని ఖాళీ జాగా అంతటినీ వేరే సమాచారంతో నింపేశాను. మళ్లీ వెతికితే ఒక్క ముఖమూ రాలేదు. రెండో కంప్యూటర్ మాత్రం కుర్రాళ్లు రోజంతా కూర్చునే చోట ఉంది. రేపు మొదటి బస్సుకు దుత్తలూరు వెళ్తున్నాను.

సంబంధాల కోసం మీ అమ్మాయి ఫోటో ఇచ్చినప్పుడు పెళ్లికొడుకు జీతం అడిగి ఉంటారు. పెళ్లయ్యాక ఆ ఫోటో ఏమైందని ఎవరైనా అడిగారా? కింద రాయండి.

సాయంత్రం ఏడున్నర గంటలు.
దూబగుంట పెంచల నరసయ్య