ఈనిడ్ తిప్పిన అద్దం

ఇరవై రెండేళ్లు ఒకే పబ్బులో బీరు పోసిన ఈనిడ్ గార్బెట్‌కి మా అందరి మొహాలూ కంఠతా వచ్చు, ఒక్క హోరెస్ ట్రాంటర్ మొహం తప్ప. తప్పు ఆమెది కాదు, ఆ భవనం కట్టినవాడిది.

బర్మింగ్‌హామ్‌లో రెండు వీధులు కలిసేచోట, మూలని ఏటవాలుగా కోసి అక్కడో తలుపు పెట్టిన పబ్బు మాది. నడిమధ్య కౌంటరు, దాని చుట్టూ గదులు, ఏ గది తలుపు దానికే వీధిలోకి. లోపల్నుంచి ఒక గదిలోంచి ఇంకో గదిలోకి దారే లేదు. ఫ్యాక్టరీ మసితో వచ్చే మాలాంటివాళ్లది మూల తలుపు. పక్క వీధి తలుపు చిన్న గదిది. అక్కడ కౌంటరు మీద, సరిగ్గా మొహం ఎత్తులో, పువ్వులు చెక్కిన మసక అద్దాల రెక్కలు వరసగా ఉంటాయి. తాగే పెద్దమనుషుల మొహం పోసేవాళ్లకి కనపడకూడదని వెనకటి దొరల ఏర్పాటు. రెక్క తిప్పే హక్కు తాగేవాడిదే. ఇవతల్నుంచి తిప్పడమంటే నిద్రపోతున్నవాడి దుప్పటి లాగినట్టే.

గడియారాలు బాగుచేసే హోరెస్ తొమ్మిదేళ్లుగా రోజూ ఆ గదిలో కూర్చుని, అద్దం కింద సందులోంచి గ్లాసు అందుకుంటూ, తనూ ఆమె మొహం చూడకుండానే ఈనిడ్‌తో కబుర్లాడేవాడు. ఆమె అక్కడ పగలబడి నవ్వుతుంటే ఇక్కడ మా గ్లాసులు ఎండిపోయేవి. నాకైతే ఒళ్లు మండేది.

ఇంతలో యజమాని కబురు చెప్పాడు. సోమవారం గోడలు కొట్టేసి అంతా ఒకే హాలు చేస్తారట, అద్దాలు పీకేస్తారట. పాత పబ్బుకి ఆఖరి రోజైన శనివారం మధ్యాహ్నానికి ఈనిడ్ ఒకరి బీరు ఇంకొకరికి పోస్తోంది.

"అద్దాలు పోతే అతను మళ్లీ రాడు," అంది నాతో. "మొహం చూపించాలంటే చచ్చేంత సిగ్గు. పెళ్లి మాట ఇవాళ అడక్కపోతే ఇంకెప్పుడూ అడగడు."

"నువ్వే అడగొచ్చుగా తల్లీ. నీకు నోరు లేదా ఏంటి?"

"నలభై దాటాయి నాకు. చూసి పారిపోతే?"

"పారిపోతే నా బీరు నాకు వేళకి దొరుకుతుంది."

ఈనిడ్ నన్ను కొరకొరా చూసి, ఏప్రన్‌కి చేతులు తుడుచుకుని, విసవిసా వెళ్లి రెక్క తిప్పేసింది. మేమంతా మెడలు చాచాం.

అవతల ఖాళీ కుర్చీ, సగం తాగిన గ్లాసు. వీధి తలుపు ఇంకా ఊగుతోంది.

"పోయాడు," అంది. మరుక్షణం కౌంటరు చెక్క పైకెత్తి, మా కాళ్లు తొక్కుకుంటూ మూల తలుపులోంచి ఒకటే పరుగు. గ్లాసులతో సహా మేమూ వెనకే. ముసలి పెర్సీ ఒక బూటు లోపలే వదిలేసి మరీ వచ్చాడు. అంత ఆనందంగా నేను పరుగెత్తి ఎన్నాళ్లయిందో.

పక్క వీధిలోకి తిరుగుతూనే ఈనిడ్ ఎదురొస్తున్న ఒక బట్టతల మనిషిని ఢీకొంది. అతని టోపీ ఎగిరి రోడ్డు మీద పడింది.

"క్షమించండి మేడమ్," అన్నాడు అతను, టోపీ సంగతి కూడా పట్టించుకోకుండా మూల తలుపు వైపే చూస్తూ. "కాస్త దారివ్వండి. లోపల ఒకావిడని పెళ్లికి అడగాలి. ఎదురుగా నిలబడే అడగాలి. ఇక్కడ ఆగానంటే ధైర్యం జారిపోతుంది."

ఆ గొంతు వినగానే ఈనిడ్ రెండు చేతులతో అతని కోటు పట్టుకుంది.

"అయితే ఆగకు," అంది. "అడుగు."