నీళ్ల కింద పూత

నడక మరిచిన కాళ్లకు నీళ్లలో మళ్లీ నడక నేర్పే వైద్యశాల అది. అక్కడి ఈతకొలను బాగోగులన్నీ ఆమెవే. రోగులంతా ఆమెను కొలనక్క అనేవారు. నీళ్లను పరీక్షించే చుక్కల మందు వేసి రంగు చూడడం, తగినంత క్లోరిన్ కలపడం, గోడలు తోమడం ఆమె పని. భర్త తాపీమేస్త్రి. కొలనులకు తెల్లపూత వేయడంలో చెయ్యి తిరిగినవాడు.

పాత పూత పెచ్చులూడి రోగుల పాదాలు గీరుకుపోతున్నాయని ఒక ఏడు కొలను ఖాళీ చేయించారు. కొత్త పూత పని మేస్త్రికే దొరికింది. ఆలుమగలు ఒకేచోట పనిచేయడం అదే మొదటిసారి.

"ఇన్నాళ్లూ నా వంటకి వంకలు పెట్టావుగా. ఇప్పుడు నీ పనికి నేను పెడతా," అంది గట్టు మీద నిలబడి.

"పెట్టుకో. దొరికితే కదా," అన్నాడు తెల్లసిమెంటులో చలువరాతి పొడి కలుపుతూ.

ఆ పూత మొదలుపెట్టాక మధ్యలో ఆపితే అతుకు పడుతుంది. మధ్యాహ్నం దాటాక మేస్త్రి ఎడమ భుజం నొక్కుకోవడం ఆమె చూసింది. కాసేపు కూర్చోమంది. "గ్యాసు పట్టింది, అంతే. నేను కూర్చుంటే ఇది బిగుసుకుపోతుంది," అన్నాడు. పొద్దువాలే వేళకు మెట్ల పని కూడా ముగించి, చెమటలు కక్కుతూ పైకొచ్చాడు.

మర్నాడు కొత్త పూత చెదరకుండా పైపు మూతికి గుడ్డ చుట్టి నీళ్లు వదిలారు. కొలను ఇంకా నిండుతూనే ఉంది, ఇంట్లో మేస్త్రి కుప్పకూలాడు. పెద్దాసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది.

అంత్యక్రియలైన మర్నాడు పొద్దున్నే ఆమె పనిబట్టలు కట్టుకుంది. ఇంటినిండా చుట్టాలు. మేస్త్రి చెల్లెలు గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఎక్కడికి వదినా?"

"కొలనుకి."

"అన్నయ్యని నిన్నేగా సాగనంపాం. నలుగురూ ఏమనుకుంటారు?"

"కొత్త పూత నీళ్లలోకి పొడి వదులుతుందమ్మా. రోజూ తోమకపోతే అది పేరుకుని గరుకు తేలుతుంది. ఇక బాగుచేయడం కష్టం."

"తోమడానికి ఇంకెవరూ లేరా?"

"ఉన్నారు. మీ అన్నయ్య ఆఖరి పని ఇంకొకరి చేతుల్లో పెట్టలేను."

ఆడపడుచు పక్కకు తప్పుకుంది గానీ మొహం తిప్పుకుంది.

కొలను పాలు కలిపినట్టుంది. పొడుగు కర్ర బ్రష్‌తో గోడను రాస్తుంటే తెల్లటి పొడి మబ్బులా లేచింది. అంతవరకూ కన్నీటి చుక్క రాల్చనిదల్లా, ఆ పొడిని చూస్తూ వెక్కివెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే చివరిదాకా తోమింది.

రెండు రోజుల తర్వాత ఆడపడుచు చెప్పాపెట్టకుండా కొలను దగ్గరికి వచ్చింది. వదిన కొలనులో పోసేందుకు బకెట్ నీళ్లలో కొద్దికొద్దిగా యాసిడ్ కలుపుతోంది.

"అదెందుకు?"

"పూతలో సున్నం నీళ్లలోకి దిగుతుంది. దాన్ని సరిచేయడానికి. ఎక్కువైతే మాత్రం ఇదే పూతని తినేస్తుంది."

ఆడపడుచు గోడకు ఆనించి ఉన్న రెండో బ్రష్ అందుకుంది. ఆనాటి నుంచి రెండుపూటలా ఇద్దరూ ఎదురెదురు గట్ల మీద నడుస్తూ తోమారు. "చిన్నప్పుడు నా బొమ్మరింటికి సున్నం కొట్టమంటే, అన్నయ్య బొమ్మకి కూడా కొట్టేశాడు," అని ఆడపడుచు చెప్పినప్పుడు, మేస్త్రి పోయాక మొదటిసారి వదిన నవ్వింది.

నీళ్లు తేటపడ్డాక ఒక మెట్టు మీద మచ్చ బయటపడింది. మేస్త్రి పైకి వస్తూ తూలి ఆనించిన చేతి ముద్ర. అయిదు వేళ్లూ అచ్చు పడ్డాయి, చుట్టూ అంచులు గరుకుగా లేచాయి.

"ఉండనివ్వు వదినా. అన్నయ్య గుర్తుగా మనకి మిగిలింది అదొక్కటే," అంది ఆడపడుచు. అక్కడి డాక్టరమ్మ కూడా, కావాలంటే ఆ వైపు ఎవర్నీ దిగనివ్వనని చెప్పింది.

కొలనక్క తల అడ్డంగా ఊపింది. "ఇక్కడికొచ్చే వాళ్లలో చాలామందికి పాదాల్లో స్పర్శ ఉండదు. కోసుకుపోయినా తెలీదు. ఇలా ఉందని తెలిస్తే ఆయనే దిగి రుద్దేవాడు."

నడుములోతు నీళ్లలోకి దిగింది. ముందుగా తన అరచెయ్యి ఆ అచ్చులో పెట్టి చూసింది. ఆమె చెయ్యి చిన్నది, వేళ్ల కొసల దగ్గర చోటు మిగిలిపోయింది. కాసేపు అలాగే ఉండి, సాండ్‌పేపర్ తీసుకుని రుద్దడం మొదలుపెట్టింది. అంచులు అణిగి, వేళ్ల జాడ ఒక్కొక్కటే చెరిగిపోయింది. రేగిన పొడిని ఆడపడుచు బ్రష్‌తో తోసేసింది.

కొలను తెరిచిన రోజు, పక్షవాతం నుంచి కోలుకుంటున్న ఓ పెద్దాయన కడ్డీ పట్టుకుని మెల్లగా మెట్లు దిగాడు. బాగున్న కాలితో మెట్టు తడిమి, "నున్నగా ఉందమ్మా. ఎవరు చేశారు?" అని అడిగాడు.

"మా ఆయన," అంది కొలనక్క. "రెండో కాలు కూడా మోపండి. నేను పట్టుకుంటాను."