పళ్ళాయన రద్దు చేసిన ఆస్కార్లు

మావయ్యకు ఒకటే జబ్బు. ఎప్పుడో నలుపు తెలుపు సినిమాల కాలంలో, సముద్రాలకు అవతల హాలీవుడ్డులో పంచిపెట్టిన ఆస్కార్లన్నీ తప్పు మనుషుల చేతుల్లో పడ్డాయని ఆయన నమ్మకం. నమ్మి ఊరుకుంటే ఎవరికీ ఇబ్బంది లేకపోయేది. ఆయన ఆ బహుమతులను ఒక్కొక్కటిగా రద్దు చేస్తూ వచ్చాడు. ఇచ్చినవాళ్ళూ పుచ్చుకున్నవాళ్ళూ ఏనాడో మట్టిలో కలిసిపోయారు కనుక అప్పీలుకు వచ్చినవాళ్ళు లేరు.

ఆయన వృత్తి కట్టుడు పళ్ళు చెయ్యడం. పళ్ళ డాక్టర్లు కొలతలు పంపితే సుద్దతో దవడ అచ్చు పోసి, దాని మీద పళ్ళసెట్టు కట్టి పంపుతాడు. సెట్టు వదులైతే మనుషులు తిన్నగా ఆయన దగ్గరికే వస్తారు. వీధివీధంతా ఆయన్ను పళ్ళాయన అంటుంది. కొత్తగా కాపురానికి వచ్చినవాళ్ళు ఆ మాట విని సంచీ పట్టుకొచ్చి "అరటిపళ్ళున్నాయాండీ?" అని అడగడం, లోపల అరలనిండా నోళ్ళు తెరుచుకుని చూస్తున్న దవడలను చూసి సంచీ అక్కడే పారేసి పరుగు లంకించుకోవడం మామూలే. అలా పోగైన సంచులు అత్తయ్య దగ్గర పదకొండున్నాయి.

చేస్తున్న ఆఫీసు మూతపడడంతో మేనకోడలు ఆ పని నేర్చుకుందామని వచ్చింది. మొదటిరోజు మావయ్య ఆమెను ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి, సుద్ద ఎలా కలపాలో చెప్పకుండా వేరే ప్రశ్న వేశాడు.

"రాణి వేషం వేసినావిడ గొప్పా, ఆ రాణి వెనక దీపం పట్టుకుని నిలబడ్డావిడ గొప్పా?"

"రాణే కదా మావయ్యా?"

"హాలీవుడ్డు వాళ్ళూ ఇలాగే ఏడిశారు! రాణి పది నిమిషాలు ఏడ్చింది, నిజమే. ఏడవడం ఎవరికి రాదు? ఆ పది నిమిషాలూ దీపం పట్టుకున్న చెయ్యి వణకలేదు. అది వణికితే రాణిగారి ఏడుపు ఎవరికి కనబడుతుంది? ఇప్పుడు చెప్పు, బహుమతి ఎవరిది?"

"దీపం ఆవిడదే."

"రద్దు!" అని మావయ్య బల్ల మీద చిన్న సుత్తితో టంగున కొట్టాడు.

వెనకనుంచి టకటకమని చప్పుడైంది. ఆమె తిరిగి చూసింది. పై అరలో ఇత్తడి కీళ్ళకు బిగించిన దవడలు పది పన్నెండు, వాటంతటవే తెరుచుకుని మూసుకుంటున్నాయి. గదిలో వాళ్ళిద్దరే ఉన్నారు. కిటికీ మూసి ఉంది.

"చప్పట్లు" అన్నాడు మావయ్య తలెత్తకుండానే.

వీధిలో లారీ వెళితే అలా అదురుతాయని అత్తయ్య ఆమెను సముదాయించింది. ఆ సందులో లారీ పట్టదన్న సంగతి ఆమెకు వారం తర్వాత తట్టింది.

మావయ్య నోట ఆస్కారు ఊసు రాని సందర్భం లేదు. పక్కింటి పెళ్ళికి వెళ్ళి పెళ్ళికూతుర్ని వదిలేసి, ఆమె కొంగు సర్దుతున్న పిన్నిని పావుగంట మెచ్చుకుని వచ్చాడు. ఒకరింటికి పరామర్శకు వెళితే, పోయినాయన పెద్దకొడుకు భోరుమంటున్నాడు. మావయ్య అత్తయ్య చెవిలో, "ఇతను కాదు. మూల కూర్చుని అందరికీ మంచినీళ్ళు అందిస్తోందే, ఆ చిన్నకోడలు. ఆవిడది అసలు నటన" అన్నాడు. చెవిలో అన్నాననుకున్నాడు గానీ మాట గదంతా వినబడింది. పెద్దకొడుకు ఏడుపు ఆపేశాడు. ఆ కుటుంబంతో రాకపోకలు ఆనాటితో సరి.

రోజూ మధ్యాహ్నం మూడింటికి వెనక గదిలో పరదాలు దించి పాత సినిమా పెట్టుకునేవాడు. మేనకోడలు ఒకసారి టీ ఇవ్వడానికి వెళ్ళి గుమ్మంలోనే ఆగిపోయింది. టీవీలోంచి వెండి వెలుగు అరల మీద పడుతోంది. తెరమీద చనిపోయి ఎన్నో ఏళ్ళయిన తార మాట్లాడుతోంది. వెలుగు కదిలినప్పుడల్లా గోడనిండా ఉన్న దవడలన్నీ ఆవిడ మాటలనే నెమ్మదిగా పలుకుతున్నట్టున్నాయి. మావయ్య తార వంక చూడనే లేదు. తెర అంచున, తలుపు పక్కన నిలబడిన పనిమనిషి వేషం మనిషినే చూస్తూ ఏదో రాసుకుంటున్నాడు. కాసేపటికి ఆ పనిమనిషి తల తిప్పి ఇటే చూసినట్టు మేనకోడలికి అనిపించింది. టీ సగం సాసర్లో ఒలికింది.

ఆ గదిలోనే పై అర మీద బొమ్మలుండేవి. జానెడు ఎత్తు సుద్ద బొమ్మలు, ఒంటినిండా బంగారు రంగు. తలలున్నాయి గానీ మొహాలు లేవు. కన్నూ ముక్కూ నోరూ ఏవీ లేకుండా గుడ్డులా నున్నగా ఉన్నాయి. ఒక్కోదాని కాళ్ళ కింద రేకుముక్క, దాని మీద ఏదో సంవత్సరం. ఆమె వచ్చినప్పుడు తొమ్మిదున్నాయి. ఒక సోమవారం లెక్కపెడితే ఎనిమిదే ఉన్నాయి.

"ఒక బొమ్మ ఏమైంది మావయ్యా?"

"అసలు మనిషి దగ్గరికి వెళ్ళింది."

ఆ తర్వాత ఎనిమిదో రోజున, వీధి చివర లాండ్రీ నడిపే పెద్దాయన పోయాడు. చూడడానికి వెళ్ళిన మేనకోడలికి ఆయన మంచం పక్కన, మందుసీసాల మధ్య, మొహంలేని బంగారు బొమ్మ కనబడింది. తర్వాత ఇంకో బొమ్మ మాయమైంది. రెండు వారాలకు, బడిలో ముప్పైఏళ్ళు గంట కొట్టినాయన కన్నుమూశాడు. అక్కడా బొమ్మే. మూడోసారికి వీధిలో గుసగుసలు మొదలయ్యాయి. పళ్ళాయన ఎవరిని మెచ్చుకుంటే వాళ్ళింటికి బొమ్మ వస్తుంది, బొమ్మ వచ్చిన ఇంట్లోంచి మనిషి వెళ్ళిపోతాడు.

అప్పటినుంచి వీధి తీరే మారిపోయింది. మావయ్య జుట్టు కత్తిరించుకుని అద్దంలో చూసుకుంటూ, "ఈ చెవి వెనక పని ఎవరూ చూడరు. అయినా ఎంత శ్రద్ధగా చేశావయ్యా!" అన్నాడో లేదో, మంగలాయన చేతిలో కత్తెర జారి కిందపడింది.

"శ్రద్ధా? నాకా? లేదండీ బాబూ! చూడండి, ఇక్కడ వంకర పోయింది. ఉండండి, ఇంకొంచెం వంకర చేస్తాను" అంటూ ఒక పక్కంతా గొరిగేశాడు.

దర్జీ ఆయన్ను చూడగానే అప్పటిదాకా నీటుగా కుడుతున్న చొక్కాకు చేతులు తిరగేసి కుట్టేవాడు. మెడికల్ షాపతను, "మొన్న మీకు ఒక మాత్ర తక్కువిచ్చానండీ, నేను పనికిమాలినవాణ్ణి" అని పిలిచి మరీ చెప్పుకున్నాడు. మావయ్య వీధిలో అడుగుపెడితే చాలు, ఎవరి పని వాళ్ళు చెడగొట్టుకునేవారు. ఇదేమీ పట్టనట్టుండే మావయ్య, "ఈమధ్య పనితనం దిగజారిపోయిందే" అని దిగులుపడేవాడు.

ఒక శుక్రవారం మావయ్య పళ్ళ డాక్టరుకు సెట్లు ఇచ్చిరావడానికి వెళ్ళాడు. సుద్దబస్తా కోసం మేనకోడలు వెనక గదిలోకి వెళ్ళింది. టీవీ నడుస్తోంది గానీ మాట లేదు. బల్ల మీద తడిగుడ్డ కప్పి ఏదో ఉంది. ఆమె గుడ్డ ఎత్తింది.

బంగారు బొమ్మే. దీనికి తల కూడా లేదు. మెడ దగ్గర తీగముక్క పొడుచుకుని ఉంది. కింద రేకు మీద, "ఉత్తమ సహాయ నటి. మా ఆవిడ" అని మావయ్య దస్తూరి. సంవత్సరం ఆమెకు తెలిసిందే, హాల్లో వేలాడే పెళ్ళిఫోటో అడుగున ఉన్నదే. బొమ్మ పక్కన అత్తయ్య దవడ అచ్చులు మూడు వరసగా ఉన్నాయి, మూడింటికీ ఈ నెల తేదీలే. పక్కనే ఉన్న అత్తయ్య పాత పళ్ళసెట్టును ఆమె ఆ అచ్చుల మీద పెట్టి చూసింది. మూడింటిలో దేనిమీదా అది నిలవలేదు, ఊగుతోంది.

"టీ చల్లారిపోతోంది, వష్తున్నావా?" అని వంటింట్లోంచి అత్తయ్య కేకేసింది. పళ్ళు వదులై నాలుగు రోజులుగా ఆవిడకు మాట అలాగే జారుతోంది. అందాకా ఆ 'ష' విని నవ్వుకున్న మేనకోడలు ఈసారి నవ్వకుండా బొమ్మ మీద గుడ్డ మళ్ళీ కప్పేసింది.

మర్నాడు మావయ్య ఒక బొమ్మను పాత కాగితాల్లో చుడుతుంటే ఆమె అడ్డం నిలబడింది.

"నేనూ వస్తాను."

"రా. ఎవరైనా చప్పట్లు కొట్టాలి కదా."

నాలుగు వీధుల అవతల, ఒక ఇరుకు గదిలో, అపార్టుమెంట్ల మెట్లు కడిగే ముసలావిడ మంచం మీద ఉంది. బుగ్గలు లోపలికి పోయాయి. పళ్ళసెట్టు గ్లాసు నీళ్ళలో నవ్వుతోంది. మావయ్య చొక్కా బొత్తాం పెట్టుకుని, గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, మీరు పుట్టిన సంవత్సరం ఉత్తమ సహాయ నటి ఆస్కారు పొరపాటున వేరే ఆవిడకు వెళ్ళిపోయింది. నేను నాలుగుసార్లు చూశాను. ఆవిడకు అంత సీను లేదు. అందుకని దాన్ని రద్దు చేశాను. ఇన్నాళ్ళూ ఖాళీగా ఉంది. విచారించగా అది మీదని తేలింది."

ముసలావిడ బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసింది. "నేనేం చేశానయ్యా? మెట్లు కడిగాను."

"మీరు కడిగిన మెట్ల మీంచి ఒక్కరైనా జారిపడ్డారా?"

ఆవిడ ఏళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. "లేదు. నలభై ఏళ్ళలో ఒక్కరూ పడలేదు."

"అదే నటన. ఇప్పుడు రెండు ముక్కలు మాట్లాడాలి. అక్కడ ఆనవాయితీ."

ఆవిడ గ్లాసులోంచి పళ్ళు తీసి పెట్టుకుంది. దిండు మీద కొంచెం పైకి జరిగింది. "మూడో అంతస్తుకి వెళ్ళే పన్నెండో మెట్టు అంచు విరిగింది. ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ వినలేదు. నేను లేకపోతే ఎవరో ఒకరు పడతారు. బాగుచేయించండి. అంతే."

మేనకోడలు చప్పట్లు కొట్టింది. కొడుతూనే ఉంది, ఎలా ఆపాలో తెలియలేదు.

అక్కడినుంచి తిన్నగా వెళ్ళి మావయ్య ఆ మెట్టుకు తన చేత్తోనే సిమెంటు పూశాడు. పక్కన కూర్చుని ఆమె అడిగింది.

"వాళ్ళు పోతారని నీకు ముందే ఎలా తెలుస్తుంది?"

"నోరు అబద్ధమాడదే. సెట్టు వదులైందని మనిషి నెలలో మూడోసారి వచ్చాడంటే ఒళ్ళు కరిగిపోతోందన్నమాట. డాక్టరు కాగితం రాసేలోపే నా సుద్దకి తెలిసిపోతుంది. లాండ్రీ పెద్దాయన ఊరందరి బట్టలూ మెరిపించాడు, ఆయన్ని ఒక్కరూ బావుందనలేదు. పోయాక అందరూ అంటారు. వినడానికి మనిషి ఉండొద్దూ?"

"మరి అత్తయ్య?"

తాపీ ఆగిపోయింది. మావయ్య మొహం సుద్దలా తెల్లబోయింది. "బల్ల మీద చూశావా? మూడుసార్లు వదులైంది. నాలుగు రోజుల్నుంచీ తల పెడదామని కూర్చుంటాను, చెయ్యి రాదు. వీధివాళ్ళు అనుకునేది నాకు తెలీదనుకున్నావా? తల పెట్టి చేతికిచ్చేస్తే..."

మేనకోడలు ఆయన చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కొచ్చింది. అత్తయ్య బట్టలు మడతపెడుతోంది.

"అత్తయ్యా, ఒంట్లో ఎలా ఉంది? దాచకుండా చెప్పు. నీ పళ్ళసెట్టు ఎందుకు వదులవుతోంది?"

అత్తయ్య మొగుడివైపు చూసింది, మేనకోడలివైపు చూసింది. చెంపలు ఎర్రబడ్డాయి. "ఆకురాయితో నేనే అరగదీష్తున్నాను."

"ఏమిటీ!" అని మావయ్య నిలబడ్డచోటే కూలబడ్డాడు.

"మరేం చెయ్యను? పొద్దున లేష్తే ఆ చచ్చిపోయినవాళ్ళ మొహాలే కదా చూష్తారు! అచ్చు తీషేటప్పుడు మాత్రం నా గడ్డం పట్టుకుని, పది నిమిషాలు కళ్ళార్పకుండా చూష్తారు. ఆ పది నిమిషాల కోషమే!"

మావయ్య లేచి వెనక గదిలోకి వెళ్ళాడు. అరగంట తర్వాత తల ఉన్న బొమ్మతో వచ్చాడు. రంగు ఇంకా ఆరలేదు. ఈ తలకు మొహం కూడా చెక్కాడు. వంకరగా వచ్చింది గానీ అది అత్తయ్యే.

"మన పెళ్ళయిన సంవత్సరం ఉత్తమ సహాయ నటి..." అని మొదలుపెట్టాడు. బొమ్మను ముందుకు చాచి, మళ్ళీ గుండెకు హత్తుకున్నాడు. "ఇవ్వలేను. రేపిస్తాను."

అత్తయ్య చటుక్కున లాక్కుంది. మావయ్య కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. నిమిషం గడిచింది. ఒక కన్ను తెరిచి చూశాడు. అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని రేకు మీద రాసింది చదువుతోంది.

"షహాయ నటా?" అంది.

"అంటే... ఆ విభాగంలో..."

"ముప్పై ఆరేళ్ళు ఈ ఇల్లు నడిపిందెవరు? ఇందులో హీరోయిన్ వేరే ఉందా? ఎవరది, నాకు చూపించండి! హాలీవుడ్డు వాళ్ళ తప్పులు దిద్దడానికొచ్చారు పాపం. ఈ తీర్పు నేనొప్పుకోను. రద్దు!"

మావయ్య జీవితంలో ఆయన తీర్పు మీద అప్పీలు వెయ్యడం అదే మొదలు. ఆయన బొమ్మను తీసుకుని, కళ్ళు తుడుచుకుని, ఆవిడ దాచుకున్న ఆకురాయినే అడిగి పుచ్చుకుని, రేకు మీద 'సహాయ' అన్న మూడక్షరాలూ నున్నగా గీకేశాడు.