చిలుక చెరిగిన ఎడమ బూటు

బూట్ల మీద బొమ్మ వేస్తున్నంతసేపూ నేను బాగానే ఉంటాను. అవి ఇచ్చేసిన మరుక్షణం నుంచి నాకు తిక్క మొదలవుతుంది. వానకు రంగు కారుతుందేమో, మడత పడ్డ చోట పెచ్చులూడతాయేమో అనుకుంటూ కాలు కాలిన పిల్లిలా ఇంట్లో తిరుగుతాను. ఇచ్చేసిన సరుకు గురించి ఫికర్ ఎందుకని అమ్మ తిడుతుంది. ఆమె తిట్టడం న్యాయమే, నేను మారకపోవడం కూడా మామూలే.

నకిరేకల్‌లో మాది కిరాయి ఇల్లు. ముందు వరండాయే నా దుకాణం. తెల్ల కాన్వాసు బూట్లు తెచ్చి, లోపల పాత పేపర్లు కూరి, పెన్సిల్‌తో గీసుకుని, రంగులు వేసి, ఆరాక వార్నిష్ పూస్తాను. పెళ్లికొడుకులు పేర్లు రాయించుకుంటారు. కాలేజీ పిల్లలకు పులులు, పుర్రెలు కావాలి. పుర్రెలు వేసీ వేసీ నాకు విసుగొచ్చిన రోజుల్లో ఒక అక్క వచ్చింది.

ముప్పై ఏళ్లుంటాయి. చిట్యాల అవతలి ఊరు. టీచర్ ఉద్యోగం వచ్చిందట, సోమవారం బడిలో చేరాలట. కుర్చీలో కూర్చుంటూనే సంగతి చెప్పేసింది.

“పిల్లలు ముందుగాల నా కాళ్లే సూస్తరు చెల్లె. ఎట్లయినా సూస్తరు గద, ఆడ ఏదన్న మంచిది ఉండాలె.”

మోకాళ్ల నుంచి వంగిపోయిన కాళ్లు. చిన్నప్పుడు తాగిన ఫ్లోరైడ్ నీళ్ల పుణ్యం. నల్లాల్లో కృష్ణ నీళ్లు వచ్చేదాకా బోరు నీళ్లే తాగిన జిల్లా మాది, ఇలాంటి కాళ్లు మాకు కొత్త కాదు. మా ఇంట్లోనే అవ్వ ఉంది. నడుము ముందుకు, కాళ్లు పక్కలకు వంగిపోయి, గోడ పట్టుకుని నడుస్తుంది. అవ్వ కాళ్ల వైపు చూడొద్దు, మనసు నొచ్చుకుంటుంది అని అమ్మ నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ చెప్పింది. నేను ఆ ఒక్క మాటే బుద్ధిగా విన్నాను. అందుకే అక్క లోపలికి నడిచి వస్తుంటే రంగు డబ్బాలు సర్దాను, వెళ్తుంటే ఫోన్ చూసుకున్నాను. అదే మర్యాద అనుకున్నాను.

వాళ్ల ఊరి గుట్ట మీద సీతాఫలం చెట్లున్నాయట. సీతాఫలాన్ని పొడుచుకు తినే రామచిలుక కావాలంది. ఒక్కో బూటుకు ఒక్కో చిలుక, బయటి వైపు, పిల్లలకు కనబడేలా. గొప్ప చెప్పుకుంటున్నాను అనుకోకండి, ఆ చిలుకలు నేను వేసిన వాటన్నిటిలోకీ మంచివి. శనివారం తీసుకుపోయింది. సోమవారం సాయంత్రం తనే ఫోన్ చేసింది. పిల్లలు చుట్టూ మూగి, చిలుక పేరేంటని అడిగారట. ఆమె గొంతు విని నాక్కూడా అన్నం సహించింది. రెండు రోజులు.

గురువారం పొద్దున్నే అక్క సంచితో గుమ్మంలో నిలబడింది. కుడి బూటు చెక్కుచెదరలేదు. ఎడమ బూటు మీద చిలుక లేదు. తోక కొసా, కొంచెం ముక్కూ మిగిలాయి. మిగతా చోట గుడ్డ పీచులు లేచి మట్టి రంగుకు వచ్చింది. నాకు ముందు వార్నిష్ మీద కోపం వచ్చింది, తర్వాత బూట్లు అమ్మినవాడి మీద, ఆ తర్వాత నిజం చెప్పాలంటే ఆమె మీదే. ఎక్కడ రుద్దావక్కా అని అడగబోయాను.

ఆమె బూటును తిప్పి అడుగు చూపించింది. లోపలి వైపు కొత్తగానే ఉంది. బయటి అంచు అరిగి, పక్క గుడ్డ కూడా నేలకు రాసుకుంది.

“నా ఎడమ కాలు గిట్లనే పడ్తది, అంచు మీద. నువ్వు సూసినవనుకున్న,” అంది.

నేను చూడలేదు. రెండుసార్లు నా ముందు నడిచిన మనిషిని చూడకుండా, ఆమె కాలికి బొమ్మ వేశాను. నిన్న ఒక పిల్లాడు, చిలుకను ఎవరు చంపారు టీచర్ అని అడిగాడట. ఆ రోజంతా కాళ్లు కనబడకుండా బల్ల వెనకే నిలబడి పాఠం చెప్పిందట. ఇవాళ సెలవు పెట్టి వచ్చింది. రేపు కూడా బల్ల వెనకే నిలబడితే ఇక అదే అలవాటైపోతుంది అంది.

కొత్త ఎడమ బూటు తొడిగి, ఒకసారి నడవమని అడిగాను. ఆమె నా ముఖం చూసింది.

“దవాఖానల తప్ప నన్నెవ్వరు నడువుమనలే,” అని లేచింది.

వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి నాలుగుసార్లు నడిచింది. నేను చాక్‌పీసు పట్టుకుని నేల మీద కూర్చుని ఆమె కాళ్లనే చూశాను. ఎక్కడ ఆనుతోంది, ఎక్కడ మడత పడుతోంది, అన్నీ బూటు మీద గీసుకున్నాను. నేల తగలని చోటు లోపలి వైపు, మడమకు దగ్గరగా ఉంది. చిలుకను అక్కడ కూర్చోబెట్టాను. ఆరడానికి ఆగే వీలు లేక, జుట్టు ఆరబెట్టుకునే మిషన్ పట్టుకుని సాయంత్రం దాకా ఇద్దరం వంతులు వేసుకున్నాం.

శుక్రవారమంతా మళ్లీ ఇల్లు తిరిగాను. సాయంత్రం ఫోన్ వచ్చింది. ఈ చిలుక లోపలికెందుకు వచ్చిందని పిల్లలు అడిగారట. నా కాలు వంకర, బయట కూర్చుంటే నలిగిపోతుందని లోపలికి వచ్చింది అని, బల్ల ముందుకొచ్చి చెప్పిందట.

నా మనసు కుదుటపడాల్సింది. పడలేదు. ఫోన్ పెట్టేసి గుమ్మం దగ్గరికి వెళ్లి, అవ్వ రబ్బరు చెప్పులు చేతిలోకి తీసుకుని తిప్పాను. ఎడమదాని బయటి అంచు పూర్తిగా అరిగి, మడమ దగ్గర బెజ్జం పడింది. నేల తగిలే చోట ఆమె చర్మమే అరుగుతోంది. రోజూ ఆ చెప్పుల్ని దాటుకుంటూ పోయే నేను బూట్లు అమ్ముకుంటున్నాను.

“అవ్వా, జర గిట్ల నడువు, సూస్త,” అన్నాను.

వంటింట్లో అమ్మ చేతిలో గరిటె ఆగింది. అవ్వ నా చేతిలోని చెప్పును చూసింది.

“ఇన్నేండ్లకు అడిగినవా,” అని గోడ పట్టుకుని లేచింది.