వెంట్రుకంత గీత

పిచ్చుక ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టేది. సన్నగా ఉంటుందని అన్నయ్య పెట్టిన ఆ పేరే ఇంటా బయటా స్థిరపడిపోయింది. అన్నయ్యది ఫైర్ స్టేషన్‌లో ఉద్యోగం. తనూ అందులోనే చేరతానని ఆమె పట్టుపట్టింది. పరీక్షలో యాభై కిలోల ఇసుక మూట భుజాన వేసుకుని గడువులోగా నాలుగంతస్తులు ఎక్కాలి. ఆడవాళ్లకి మినహాయింపు లేదు.

"నేను చేసిందే నువ్వూ చెయ్యి. ఒక్క రోజు కూడా తగ్గించకు" అంటూ అన్నయ్య తన పాత సాధన పట్టిక చేతిలో పెట్టాడు. చెల్లెల్ని తక్కువ చేసి చూడకూడదన్నదే అతని ఉద్దేశం.

వారానికి ఆరు రోజులు పరుగు, నాలుగు రోజులు బరువులు. అన్నయ్య పక్కనే పరిగెత్తుతూ కబుర్లు చెప్పేవాడు. ఆమెకి ఊకొట్టడానికి కూడా ఊపిరి అందేది కాదు. ఒళ్లు తేలికైతే వేగం వస్తుందని తిండి సగానికి సగం తగ్గించింది. మూడో నెలలో నెలసరి ఆగిపోయింది. మొదట హాయిగానే అనిపించింది. ఆ మరుసటి నెలా రాకపోయేసరికి గుండెల్లో రాయి పడింది. ఆపైన ఎడమ కాలి ఎముకలో ఒకచోట నొప్పి మొదలైంది. వేలితో నొక్కితే ప్రాణం విలవిల్లాడేది.

చెబితే ఆడపిల్లవల్ల ఏమవుతుందంటారని భయం. చెప్పకపోతే లోపల ఏం పాడైపోతోందోనని భయం. ఇక పిల్లలు పుట్టరా? ఒంటికాలి మీద నిలబడి దుప్పట్లు మడతపెడుతూ, ఎవరైనా చూస్తే నవ్వేసేది.

ఇంట్లో ఇద్దరికీ ప్యాడ్లు కొనేది వదిన. ఒకరోజు ఆవిడ అలమార ముందు నిలబడి అడిగింది.

"నీ ప్యాకెట్టు విప్పనే లేదేంటి? ఎన్నాళ్లైంది?"

"ఐదు నెలలు."

వదిన గొంతు తగ్గించింది. "ఎవరైనా ఉన్నారా? చెప్పు, నేనేం అనను."

"మూటలు మొయ్యడానికే తీరిక లేదు, ఇంకెవరుంటారు వదినా" అని నవ్వబోయి ఏడ్చేసింది. కాలి నొప్పి సంగతీ చెప్పేసింది.

మర్నాడు ముగ్గురూ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లారు. ఎక్స్‌రేలో ఎముకకి అడ్డంగా వెంట్రుకంత గీత కనిపించింది.

"గర్భసంచికి ఏం కాలేదు" అంది డాక్టరమ్మ, స్కానింగ్ కూడా చూసి. "తినేది పరుగుకే చాలక ఒళ్లు నెలసరి ఆపేసింది. అలా ఆగితే ఎముక బలహీనపడుతుంది. ఇంకొన్నాళ్లు ఇలాగే పరిగెడితే విరిగేది." తర్వాత అన్నయ్య వైపు తిరిగింది. "సగటున ఆడవాళ్ల గుండె చిన్నది, రక్తం మోసే ఆక్సిజన్ తక్కువ. మీరు కబుర్లు చెప్పుకునే వేగం ఈమెకి ప్రాణం మీదికొచ్చే వేగం. మీ గడియారం పక్కన పెట్టి ఈమె నాడి చూడండి."

"అంటే తనవల్ల కాదా డాక్టర్?"

"అలా అన్నానా? కష్టపడే రోజు గట్టిగానే కష్టపడాలి. మిగతా రోజులు నిజంగా తేలిగ్గా ఉండాలి. కడుపు నిండా తినాలి."

అన్నయ్య ఇంటి గేటు దగ్గర ఆగి, "నాకు తెలీదే" అన్నాడు.

ఆ ఏటి పరీక్షకి వెళ్లలేకపోయింది. నాలుగు నెలలకి నెలసరి తిరిగొచ్చింది. ఆ పొద్దున ఆమె వంటింట్లోకి పరిగెత్తి వదిన చెయ్యి పట్టుకుంది. మళ్లీ పరుగు మొదలుపెట్టాక కూడా ప్రతి అడుగుకీ ఎముక టక్కుమంటుందేమోనని చెవులు రిక్కించేది.

మరుసటి ఏడు పరీక్షలో మూడో అంతస్తు మలుపులో మూట జారింది. కాళ్లు బిగుసుకుపోయాయి. నాలుగు శ్వాసలు తీసి, మూట సర్దుకుని మళ్లీ ఎక్కింది. పైకి చేరేసరికి గడువులో పదకొండు సెకన్లే మిగిలాయి. ఆ మరుసటి నెలలో ఉద్యోగంలో చేరింది.