ఉమ్మి మింగిన రోజు

గుమ్మంలోకి పరిగెత్తి మళ్లీ ఉమ్మేశాను. విజయవాడ ఆస్పత్రిలో ఆ రోజే అమ్మకి ఆపరేషన్. అందుకని చిన్నపిల్లనైనా పొద్దుటి నుంచీ ఉపవాస ప్రార్థనలో ఉన్నాను. ఉమ్మి మింగినా ఉపవాసం చెడిపోతుందని, అది చెడితే అమ్మ బతకదని నా భయం.

సరిగ్గా అప్పుడే, తిరువూరులో మా పక్కింటివాళ్లు మామిడికాయ కోసి ఉప్పూకారం చల్లారు. ఆ వాసనకి నోరంతా ఊరిపోయి గుటుక్కున మింగేశాను.

"అమ్మమ్మా, మింగేశా! అమ్మ చచ్చిపోద్ది!"

అమ్మమ్మ వణుకుతున్న చేత్తోనే నా మూతి తుడిచింది. "ఓసి పిచ్చిమొహమా! నీ ఉమ్మి చూసి బతికిస్తాడా దేవుడు? ఏం ఉపవాసాలు చేశామని నిన్నిచ్చాడు మాకు? ఊరికే ఇచ్చాడు. అడుగు, అంతే."

"ఊరికేనా?"

"ఊరికేనే పిల్లా."

ఇవాళ వంటింట్లో అమ్మ మామిడికాయ తరుగుతుంటే ఇదంతా గుర్తొచ్చింది. అమ్మమ్మకీ భయమేనని ఆ వణికిన చెయ్యి తలుచుకుంటే ఇప్పుడు తెలుస్తోంది.

అప్పుడు, ఆపరేషన్ మర్నాడు పొద్దున్నకి కూడా ఆస్పత్రి నుంచి ఫోను రాలేదు. "మా అమ్మని ఊరికే ఇచ్చెయ్యి ప్రభువా" అని ఒక్కసారి అడిగి, చద్దన్నంలో మామిడికాయ ముక్క నంజుకుంటూ కడుపునిండా తిన్నాను.