తాళం చూస్తే తీయాలనిపిస్తుంది

తాళాలాయన చేసిన నేరమల్లా అడిగినవాడికి తాళం తీసిపెట్టడం. "మా ఇల్లేనయ్యా, తాళంచెవి పోయింది" అన్నాడొకడు. తీశాడు. ఆ ఇల్లు వాడిది కాదు. ఇల్లు దోచినవాడు దొరకలేదు, దొరికిన ఈయనకి మూడేళ్ళ జైలు పడింది. తీసింది నా చెయ్యే కదా అనుకుని నోరెత్తలేదు.

రెండేళ్ళకి ముందస్తు విడుదల జాబితాలో ఆయన పేరొచ్చింది. వాళ్ళావిడ తాళాల కొట్టు ఊడ్చి, పేరు బోర్డుకి రంగేయించింది. ఇక మిగిలింది ఒక్కటే: ఖైదీ బుర్రలో సంఘవ్యతిరేక భావాలెన్నున్నాయో కొలిచే నలభై ప్రశ్నల కాగితం. ఎవరికి వారే అవును, కాదు టిక్కు పెట్టుకోవాలి. మూడు అవునులు దాటితే విడుదల లేదు.

"మూసిన తాళం చూస్తే తీయాలనిపిస్తుంది." ముప్ఫై ఏళ్ళు అన్నం పెట్టింది అదే మరి. అవును.

"నా స్నేహితుల్లో జైలుకెళ్ళినవాళ్ళున్నారు." చుట్టూ చూశాడు. అవును.

"చట్టం ఉన్నవాడికో రకం, లేనివాడికో రకం." అవును.

"ఒకడు చేస్తే ఇంకొకణ్ణి పట్టుకుంటారు." దీనికి ఆలోచించే పనే లేకపోయింది.

పక్కన, డిపాజిట్ల పేరుతో ఊరిని ముంచిన పెద్దమనిషి అన్నిటికీ టకటకా కాదు కొట్టేసి ఇటు తొంగిచూశాడు.

"ఏం బాబాయ్, అడిగారు కదా అని నిజం చెప్పేస్తావా?"

"అబద్ధం రాస్తే తప్పు కదా నాయనా."

పెద్దమనిషికి సున్నా. అంటే కడిగిన ముత్యం, వారంలో విడుదల. తాళాలాయనకి నాలుగు.

ఫలితాలు పంపే రోజున, పరీక్ష పెట్టిన మేడమ్ బీరువా తాళంచెవి పోగొట్టుకుంది. కబురు ఎవరికెళ్ళిందో చెప్పక్కర్లేదు. ఆయన తీగముక్కతో నిమిషంలో తీశాడు.

"భలే చెయ్యయ్యా నీది."

"మీరడిగారు, తీశానమ్మా. అప్పుడూ అంతే."

మేడమ్ ఆయన కాగితం తీసి నాలుగు టిక్కులూ మళ్ళీ చూసింది. "ప్రశ్నలు నావి కావయ్యా, పైనుంచొచ్చాయి" అని కవర్లో పెట్టి అంటించింది.

"తాళంలో దుమ్ముంది, రెండు చుక్కలు నూనెయ్యండమ్మా" అని చెప్పి ఆయన తన గదికి వెళ్ళిపోయాడు.

వాళ్ళావిడ ఇప్పుడు ఎవర్ని వదలాలో తేల్చే విడుదల బోర్డుకి అర్జీ రాసింది: కాగితాన్ని కాదు, మనిషిని పిలిచి పది నిమిషాలు మాట్లాడండి, ముందు ఆయన పనేమిటో అడగండి. బోర్డు కూర్చునేది సోమవారం. ఈలోగా అర్జీ కింద మీ సంతకాలు కావాలి. అయ్యో పాపం అనేసి పేజీ తిప్పకండి. అర్జీ ఆ తాళాల కొట్లోనే బల్లమీద ఉంది. తలుపు తీసే ఉంటుంది.